బాబాయిని తలుచుకున్న చేప

మొన్న ఒక పెళ్లిలో మా బాబాయి పక్కన భోజనానికి కూర్చున్నాను. నా తప్పే. ఆయన ఇంజినీరుగా రిటైరయ్యారు. అప్పటినుంచి ఏది చూసినా ఆయనకి ప్లానూ ఎస్టిమేటూ తప్ప ఇంకేమీ కనిపించవు. బూరెకి చిల్లు పెట్టి నెయ్యి పోయించుకుంటూ మొదలుపెట్టారు.

"ఒరేయ్, మనిషి ఒళ్లు ఎప్పుడన్నా సరిగ్గా చూశావా? ఒక్క లోపం లేదు. పర్ఫెక్ట్ డిజైన్. దీన్ని పట్టుకుని చేప నుంచి వచ్చింది, కోతి నుంచి వచ్చింది అంటారేంట్రా మీవాళ్లు?"

మీవాళ్లట. డార్విన్ మాకు వేలువిడిచిన మేనమామ అయినట్టు.

సరిగ్గా అప్పుడే బాబాయికి పొలమారింది. కళ్లు ఎర్రబడ్డాయి, బూరె విస్తట్లో పడింది. పిన్ని మాడు మీద తడుతూ "ఎవరో తలుచుకుంటున్నారు" అంది. అమెరికాలో ఉన్న కొడుకని ఒకరు, అప్పిచ్చినవాడని ఇంకొకరు. ఎవరూ కాదు. తలుచుకున్నది ఒక చేప. 40 కోట్ల ఏళ్లకి పైబడిన చేప. గాలి మింగి బతకడానికి దాని తిండి గొట్టానికే కింది వైపున ఒక సంచి పుట్టింది. మన ఊపిరితిత్తులు ఆ సంచి వారసులు. కడుపులో బిడ్డకి ఈనాటికీ అవి తిండి గొట్టం నుంచే మొలకెత్తుతాయి. అందుకే పైన ముక్కులోంచి వచ్చే గాలి ముందున్న గొట్టంలోకి, నోట్లోంచి వచ్చే బూరె వెనకున్న గొట్టంలోకి పోవాలంటే రెండూ గొంతులో ఒకదాన్నొకటి దాటాలి. ఆ క్రాసింగు దగ్గర కాపలాకి ఒక చిన్న మూత. తింటూ ఉపన్యాసం ఇస్తే ఆ మూత మాత్రం ఏం చేస్తుంది?

సరే, డిజైనే అనుకుందాం. పెద్దవాళ్ల మాట కాదనకూడదు. గొంతు నరం ఫైలు తెప్పిద్దాం.

పని: మెదడు నుంచి స్వరపేటికకి వైరు లాగడం. దూరం: జానెడు. కాంట్రాక్టరు ఎడమ వైపు ఏం చేశాడయ్యా అంటే, వైరుని స్వరపేటిక పక్కనుంచే కిందికి దింపి, ఛాతీలోకి పోనిచ్చి, గుండె పైన మహాధమని కింద ఒక చుట్టు తిప్పి, మళ్లీ పైకి తెచ్చి కలిపాడు. అమీర్‌పేటలో ఎక్కి పంజాగుట్టలో దిగాల్సినవాణ్ణి విజయవాడ తీసుకెళ్లి, దుర్గమ్మ దర్శనం చేయించి వెనక్కి తెచ్చినట్టు. ఇది మనిషి ఫైలు. జిరాఫీ ఫైలు తెరిస్తే ఆడిటరుకి బీపీ పెరుగుతుంది. మెడే దాదాపు 2 మీటర్లు. పోను ఒక మెడ, రాను ఒక మెడ, వెరసి 4 మీటర్ల వైరుకి బిల్లు. ఎందుకయ్యా అంటే "పాత జీవో సార్, రద్దు కాలేదు" అంటాడు. నిజం చెప్పాడు. చేపలో ఆ నరం ఒక రక్తనాళం వెనకనుంచి మొప్పకి తిన్నగా పోతుంది. చేపకి మెడ లేదు, గొడవా లేదు. తర్వాతి జంతువులకి మెడ పెరిగింది, గుండె కిందికి జారింది, రక్తనాళం తనతో పాటు నరాన్నీ లాక్కుపోయింది. తెంపి కొత్తది వేసే అధికారం ఎవరికీ లేదు, ఉన్నదాన్ని సాగదీయడమే. ఇంతా చేసి, జిరాఫీ నోరు విప్పి గట్టిగా అరిచేదీ లేదు!

ఇలాంటి వైరింగు తన ఇంట్లో చేస్తే బాబాయి ఆ ఎలక్ట్రీషియన్ని గేటు దాటనిస్తారా?

జన్యువుల సంగతి ఎత్తితే మరీ పరువు తక్కువ. 1995లో వాల్టర్ గెరింగ్ అనే శాస్త్రవేత్త బృందం, ఎలుకలో కంటిని మొదలుపెట్టే జన్యువుని తెచ్చి పండ్ల ఈగలో పనిచేయించింది. ఈగ కాలి మీద కన్ను లేచింది. ఎలుక కన్ను కాదు, శుభ్రమైన ఈగ కన్ను. స్విచ్చి ఒకటే, వెలిగే బల్బు ఏ ఇంటికి ఆ ఇంటిది. ఆ స్విచ్చే బాబాయి కంటికీ ఉంది. ఈగతో ఉమ్మడి ఆస్తి అని తెలిస్తే ఆయన పార్టిషన్ దావా వేస్తారేమో.

ఊపిరి అందగానే బాబాయి అడిగారు: "అయితే మారడం ఎవరు చూశార్రా?"

ఎవరు చూశారా? ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త జమ్మూ ప్రాంతంలో కాలాకోట్ దగ్గర రాళ్లు సేకరించి పెట్టి పోయారు. ఆయన భార్య వాటిని పారేయకుండా దాచి, హాన్స్ తెవిసన్ అనే శాస్త్రవేత్తకి ఇచ్చారు. ఆయన ల్యాబులో ఒక పుర్రె పొరపాటున విరిగితే, చిన్న జింకలాంటి గిట్టల జంతువు చెవిలో తిమింగలం చెవి ఎముక బయటపడింది. 2007లో లోకానికి చెప్పారు. తిమింగలాలు నేల మీది గిట్టల జంతువుల నుంచి వచ్చాయనడానికి సాక్ష్యం మన రాళ్లలో ఉంది. మనమేం చేశాం? 2019లో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌కి వెళ్లి, డార్విన్ కంటే దశావతారాలే మేలైన సిద్ధాంతమని సెలవిచ్చింది ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతి. పిల్లలకి భారం తగ్గించాలని ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి జీవపరిణామం పాఠాన్ని పీకేసింది. వద్దని 2023లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు లేఖ రాశారు. పది కాగానే ఎంపీసీలో పడేసిన పిల్లాడు ఇక ఆ పాఠం మొహం ఎప్పుడు చూస్తాడు? ఐఐటీ కోచింగు పుస్తకాల బస్తా వాడి వీపు మీద వేసినప్పుడు గుర్తురాని భారం ఈ నాలుగు పేజీలకే గుర్తొచ్చిందా? సిగ్గు లేదా మనకి?

గొంతు పెంచానట, పిన్ని సైగ చేసింది. తగ్గాను. బాబాయి రెండో బూరె అందుకుని, నిండు నోటితో "మరి కోతులు ఇంకా ఎందుకున్నాయ్?" అన్నారు.

మళ్లీ పొలమారింది. ఈసారి మాడు మీద నేనే కొట్టాను. కాస్త గట్టిగానే తగిలిందని పిన్ని ఇప్పటికీ అంటోంది.