మహారాజశ్రీ ముహూర్తం గారికి

కడప ఏడు రోడ్ల దగ్గర నుంచి ఒక మేనత్త నమస్కరించి రాయునది.

పెళ్లిళ్లు, గృహప్రవేశాలతో సరిపెట్టుకోకుండా ఆపరేషన్ థియేటర్‌లోకి కూడా అడుగుపెట్టినందుకు అభినందనలు. మా మరదలి సిజేరియన్‌కు తమరు దయచేసిన ఘడియ గురువారం పొద్దున 10 గంటల 12 నిమిషాలు. లగ్నం చూశారు, నక్షత్రం చూశారు. వారాలే చూడలేదు. ఆ రోజుకు కడుపులో బిడ్డకు నిండింది 37 వారాలే. నొప్పుల్లేవు, ఏ ఇబ్బందీ లేదు. ఆగితే మూఢం వచ్చేస్తుందని మా జేజికి, అంటే పుట్టబోయే బిడ్డ నాయనమ్మకు, ఒకటే టెన్షన్.

37 దాటితే నెలలు నిండినట్టే కదా అంటారు. తల్లికో బిడ్డకో ప్రమాదం లేనప్పుడు 39 లోపు కోత వద్దని డాక్టర్లే చెబుతారు. బిడ్డకు కాస్త కొవ్వు పట్టేది, పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ ఒక దారికొచ్చేది ఆ చివరి వారాల్లోనే. మావాడు రెండు గుక్కలు లాగి నిద్రపోయేవాడు. అరికాలు గిల్లితే ఇంకో గుక్క, మళ్లీ నిద్ర.

కేక వినబడగానే జాతకం కోసం టైము రాసుకున్నారు. ఆ తర్వాతి గంటను ఎవరూ పట్టించుకోలేదు. గంటలోపు రొమ్ముకు చేర్చమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. వెన్నుకు మత్తిచ్చిన తల్లి మెలకువగానే ఉంటుంది కాబట్టి కోతైనా చేర్చొచ్చు. మావాళ్లు నాలుకకు తేనె రాశారు, ఏడాది నిండని పిల్లలకు అది ప్రమాదమని తెలియక. తొలిరోజు బిడ్డకు చెంచాల లెక్కలో చాలు, ముర్రుపాలు వచ్చేదీ అంతే. గేదె ఈనితే జున్ను కోసం గిన్నె పట్టుకుని నిలబడే మా జేజి, కోడలి ముర్రుపాలు మాత్రం పిండి పారబోయమంది! సాయంత్రానికల్లా 'పాలు పడలేదు' అని తీర్పు. డబ్బా దిగింది. పాలడబ్బాలకు ప్రకటనలు ఇవ్వకూడదని 1992లోనే చట్టం వచ్చింది. తమరుండగా వాటికి ప్రకటనలెందుకు?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. అన్నీ తమరి ఖాతాలో వేయనులెండి, ప్రాణాలు నిలబెట్టినవీ ఉన్నాయి.

తొలి రోజుల్లో తగ్గిన బరువు రెండు వారాల్లో తిరిగి రావాలి. మావాడికి రాలేదు. ఆశా కార్యకర్త వచ్చి తూచింది. రాత్రీ పగలూ రెండు గంటలకోసారి రొమ్ముకు పట్టించింది. వాడు తాగలేనివి పిండించి ఉగ్గుగిన్నెతో పోయించింది. తాగేకొద్దీ పాలు ఊరాయి, డబ్బా మెల్లగా అటకెక్కింది. ఇప్పుడు బరువు కార్డులో గీత పైకి పోతోంది, తమరి నవాంశ సాయం లేకుండానే.

ఒక్క మనవి. అన్నప్రాశనకు మళ్లీ తమరి గుమ్మమే తొక్కుతారు. ఐదో నెలకే సంగటి నాకించాలని జేజి అప్పుడే ఉబలాటపడుతోంది. ఆరు నెలలు నిండేదాకా వాడికి తల్లిపాలే చాలు, మంచినీళ్లు కూడా అక్కర్లేదు. ఈ ముక్క నేను చెబితే వినరు. దుర్ముహూర్తమనో, వర్జ్యమనో, తమకు తోచింది చెప్పి ఆపండి.