ఎర్ర సున్నా

మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో గత ఆదివారం రాత్రి పదకొండు దాటాక ఒక వీడియో వచ్చి పడింది. మామూలుగా ఆ గ్రూపులో నీళ్ల ట్యాంకరు, లిఫ్టు మరమ్మతు, పై అంతస్తు నుంచి రాలిపడే తల వెంట్రుకలు తప్ప ఇతర ప్రపంచ వ్యవహారాలు చర్చకు రావు. పంపినవారు 301 గారు. (మా దగ్గర మనుషులకు పేర్లు ఉండవు, ఫ్లాటు నంబర్లే ఉంటాయి.) నిడివి ఒక నిమిషం యాభై రెండు సెకన్లు. మట్టి మైదానంలో పిల్లలు ఫుట్‌బాల్ వెంట పరుగెడుతుంటారు. వారిలో ఒకడి చుట్టూ ఎర్రటి సున్నా. వాడు కదిలితే సున్నా కదులుతుంది. వాడు నిలబడితే సున్నా నిలబడుతుంది. వాడు వంగి మేజోడు సర్దుకుంటే సున్నా కూడా భక్తితో వంగుతుంది. వెనక యుద్ధానికి బయలుదేరుతున్నట్టు డప్పులు. చివర బంగారు అక్షరాలు: ‘ఎలీట్ అండర్-13. విశాఖ నుంచి విశ్వానికి.’

ఆ సున్నా దేనికని మర్నాడు లిఫ్టులో అడిగాను. ‘స్కౌట్ల కోసం అండీ’ అన్నారు 301 గారు. అంటే, స్పెయిన్‌లో బార్సిలోనా క్లబ్బుకు ఆటగాళ్లను ఏరిపెట్టే ఒక పెద్దమనిషి పొద్దున్నే కాఫీ తాగుతూ మన ఎంవీపీ కాలనీ వీడియో తెరుస్తాడు. ఇంతమంది పిల్లల్లో ఎవరిని కొనాలో తెలియక తికమకపడతాడు. సున్నా ఉంటే ఆ ఇబ్బంది ఉండదు. మా చిన్నప్పుడు పేపరు మీద మాస్టారు సున్నా చుడితే నాన్నకు కనబడకుండా నిక్కరు జేబులో దాచేవాళ్లం. ఇప్పుడు నాన్నే ఎడిటరుకు డబ్బిచ్చి కొడుకు చుట్టూ సున్నా చుట్టిస్తున్నాడు. కాలం ముందుకు పోలేదని ఎవరనగలరు?

ఆ మ్యాచికి నేను ప్రత్యక్ష సాక్షిని. సంక్రాంతి వెళ్లిన ఆదివారం, ఏయూ ఇంజినీరింగ్ కాలేజీ మైదానం. వీడియో బయటికి రావడానికి రెండు నెలలు పట్టిందంటే కారణం ఉంది. ఉన్న సరుకు నాలుగు నిమిషాలది, చూపించవలసినది భవిష్యత్తంతా.

చిరంజీవి (అపార్టుమెంటు గేటుకు కట్టిన ఫ్లెక్సీలో ఆ పిల్లవాడి పేరు ముందు అలాగే ఉంది, నేనూ అలాగే పిలుస్తాను) మొదటి సగమంతా బెంచి మీద కూర్చున్నాడు. పక్కన ఇంకా ఇరవై రెండు మంది ఎలీట్లు. స్క్వాడ్‌లో ముప్పై నాలుగు మంది, మైదానంలోకి వెళ్లేది పదకొండు మంది. బెంచి చాలక కొందరు ఎలీట్లు నీళ్ల డబ్బాల మీద కూర్చున్నారు. గీత ఇవతల తండ్రులు. 301 గారు ఒక ఫోను స్టాండుకు బిగించారు, రెండోది చేత పట్టుకున్నారు. వారి శ్రీమతి ఎండకు గొడుగు పట్టారు, పిల్లవాడికి కాదు, ఫోనుకు. ఫోను వేడెక్కితే ఆగిపోతుందట.

ఆట మొదలైన దగ్గర నుంచి తండ్రులు ‘ప్రెస్! ప్రెస్!’ అని, అంటే బంతి ఉన్నవాడి మీదికి పొండని, అరిచారు. 301 గారు అందరికంటే గట్టిగా. ఇరవై ఏళ్లుగా ఎదురింట్లో ఉన్నాను, ఆయన చొక్కా కూడా స్వయంగా ప్రెస్ చేసుకోగా చూడలేదు, కింద ఇస్త్రీ బండికి వేస్తారు. ఆఫ్‌సైడు అంటే ఏమిటో రిఫరీకి తప్ప అక్కడున్న తండ్రులందరికీ తెలుసు. కోచ్ ‘కుడివైపు’ అంటే వీరు ‘ఎడమవైపు’ అన్నారు. పిల్లలు రెండు మాటలూ విని మధ్యలోకి పరుగెత్తారు. బంతి కుడివైపు పోయింది.

చివరి నాలుగు నిమిషాలకు చిరంజీవి వంతు వచ్చింది. తండ్రి కళ్లు చెమర్చాయి. మొత్తం మూడుసార్లు బంతికీ వాడికీ పరిచయం కలిగింది. మొదటిసారి, గీత దాటిన బంతిని ఎత్తి త్రో వేయబోయాడు. అది అవతలి జట్టు త్రో అని రిఫరీ వాడి చేతిలోంచి బంతి తీసుకున్నాడు. వీడియోలో ఇది స్లో మోషన్‌లో ఉంది, రిఫరీ వచ్చేలోపు ఆగిపోతుంది. రెండోసారి, ఎవరో బలంగా తన్నిన బంతి వీపుకు తగిలి దిశ మారింది. వీడియోలో దీని మీద ‘డిఫెన్సివ్ బ్లాక్’ అని పడుతుంది. మూడోది నిజంగా బాగుంది. అవతలి జట్టులో ముగ్గురిని దాటుకుంటూ వచ్చిన ఒక నల్లటి బక్క పిల్లవాడు బంతిని చిరంజీవి కాళ్ల దగ్గర పెట్టి ముందుకు ఉరికాడు. చిరంజీవి తిరిగి వాడికే ఇచ్చాడు. ఆ బక్క పిల్లవాడు ఎడమకాలితో గోలు కొట్టాడు. నేను కూడా లేచి చప్పట్లు కొట్టాను, ఆటలో ఓనమాలు తెలియని నేను.

ఆ గోలు వీడియోలో లేదు. చిరంజీవి కాలి నుంచి బంతి వదిలిన క్షణంలో బొమ్మ బిగుసుకుపోతుంది, సున్నా మూడుసార్లు మెరుస్తుంది, డప్పులు మోగిపోతాయి. తరువాతి దృశ్యం చిరంజీవి బూట్ల లేసు కట్టుకోవడం. గోలు కొట్టినవాడు సున్నాకు బయట ఉన్నాడు కదా, ఎడిటరు ఏం చేస్తాడు?

ఇంతకీ ఎలీట్ అంటే ఎవరు? నెల మొదటి వారంలో రుసుము కట్టినవారు. కట్టనివారు ఆ నెలకు ‘డెవలప్‌మెంట్ గ్రూపు’లోకి దిగుతారు, కట్టగానే ప్రతిభ తిరిగి వస్తుంది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య పదమూడు, పదిహేను, పదిహేడేళ్ల లోపు పిల్లలకు లీగులు నడుపుతుంది, అకాడమీలకు నక్షత్రాలిచ్చి గుర్తింపు కూడా ఇస్తుంది. మన చిరంజీవి ఆడిన ఎలీట్ లీగు అది కాదు. ఇది నాలుగు అకాడమీల యజమానులు టీ కొట్టు దగ్గర కూర్చుని పెట్టుకున్నది. నాలుగు జట్లకూ కప్పులున్నాయి, కాకపోతే వేర్వేరు ఎత్తుల్లో. అసలు లీగుకు కూడా పంపుతామని చెబుతారు, దానికి వేరే రుసుము. వేసవిలో స్వీడన్‌లో గోథియా కప్పుకు తీసుకెళతామని కూడా కాగితం పంచారు. 1975 నుంచి జరుగుతున్న ఆ పోటీలో క్లబ్బు పేరు రాయించి రుసుము కడితే ఏ జట్టయినా ఆడవచ్చు. కాగితంలో మాత్రం ‘ఎంపికయ్యారు’ అని ఉంది.

బార్సిలోనా విషయం 301 గారికి నేనే విన్నవించవలసి వచ్చింది. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా పెట్టిన ఆటగాళ్ల బదిలీ నియమాల్లో 19వ అధికరణం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాడిని మరో దేశపు క్లబ్బు నమోదు చేసుకోకూడదు. ఈ నియమం మీరినందుకే 2014లో సాక్షాత్తూ ఆ బార్సిలోనా మీదే రెండు విడతల బదిలీ నిషేధం వేసింది ఫిఫా. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి కాపురం మార్చాలి. లేదా ఇల్లూ క్లబ్బూ దేశ సరిహద్దుకు అటూ ఇటూ యాభై కిలోమీటర్లలోపు ఉండాలి. మన విశాఖకు తూర్పున ఉన్న సరిహద్దు సముద్రం. యాభై కిలోమీటర్లలోపు క్లబ్బు ఏదైనా ఉంటే అది చేపలదే. 301 గారు శ్రద్ధగా విని, ‘ముందు వీడియో అయితే వెళ్లనివ్వండి మాస్టారూ, తరువాత చూసుకుందాం’ అన్నారు.

బార్సిలోనా దూరమనుకుంటే దగ్గరలో ఏముంది? 2020లో విశాఖ పేరు మీద శ్రీనిధి క్లబ్బుకు ఐ-లీగ్ అనే జాతీయ క్లబ్బుల పోటీలో ప్రవేశం దక్కింది. ఆడింది హైదరాబాదులో. 2022లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచిన హైదరాబాద్ క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోయింది. అద్దె పెంచితే ఇల్లు ఖాళీ చేసినట్టు మన క్లబ్బులు సామాను సర్దుకుని ఉత్తరానికి పోతూ ఉంటాయి. ఇదే తెలుగునేలలో రహీం అనే హైదరాబాదు బడిపంతులు 1956లో భారత జట్టును ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఏషియన్ క్రీడల్లో స్వర్ణానికి తీసుకెళ్లాడు. అప్పటి ఫోటోలన్నీ నలుపు తెలుపు కావడంతో ఎర్ర సున్నా చుట్టే వీలు లేకపోయింది. ఎవరు గొప్పో తెలియక పాపం పదకొండు మందీ కలిసి ఆడేశారు.

ఇక పుట్టినరోజుల సంగతి. వయసు లెక్క జనవరి 1 నుంచి కడతారు కాబట్టి జనవరిలో పుట్టినవాడికీ డిసెంబరులో పుట్టినవాడికీ ఒకే జట్టులో దాదాపు ఏడాది తేడా ఉంటుంది. పదకొండేళ్ల వయసులో ఏడాదంటే రెండంగుళాల ఎత్తు. అందుకే చాలా దేశాల్లో పిల్లల మేటి జట్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవారే ఎక్కువగా కనబడతారు. పొడుగ్గా ఉన్నవాడే ప్రతిభావంతుడని పెద్దలు అనుకోవడమే దీనికి కారణం. మన అకాడమీ ఈ శాస్త్రాన్ని ఒక అడుగు ముందుకు తీసుకెళ్లింది. వారి కాగితాల్లో ఆడేవాళ్లందరూ జనవరిలోనే పుట్టారు. పుట్టలేకపోయినవారిని పుట్టించారు.

ఆ బక్క పిల్లవాడిది పెదజాలరిపేట. కుడి బూటు మడమ దగ్గర విడిపోతే వల అల్లే నీలం నైలాను దారంతో ఎవరో కుట్టారు, ముడి మీద ముడి వేసి, పడవ వాళ్లు వేసే ముడి. వాడి దగ్గర అకాడమీ రుసుము తీసుకోలేదు. ధర్మాత్ములు కదా. గెలవాలంటే గోలు కొట్టేవాడు ఒకడైనా కావాలి, ముప్పై ముగ్గురు తండ్రుల డబ్బు నిలబడాలంటే కప్పు కావాలి. వాడి తల్లి మా గేటు దగ్గరికి చేపల తట్టతో వస్తుంది. 301 వారు వంజరం ఆమె దగ్గరే కొంటారు, కిలోకు యాభై తగ్గించే దాకా వదలరు. మొన్న కత్తిపీట మీద చేప కోస్తూ ఆమె చెప్పింది. ‘అన్నీ మేము చూసుకుంటామన్నారు బాబూ. పాత కాగితం పట్టుకెళ్లి కొత్తది తెచ్చారు. నాకు చదువు రాదు. హుద్‌హుద్ తుపాను నాడు వీడు నా చంకలో ఉన్నాడు. రేకులు లేచిపోతుంటే వీడిని పొట్టకు కట్టుకుని మంచం కింద దూరాను.’

హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది. కొత్త కాగితం ప్రకారం ఆ పిల్లవాడు 2015 జనవరిలో పుట్టాడు.

సమాఖ్య నడిపే అసలు లీగుకు పంపే ముందు మణికట్టుకు ఎక్స్‌రే తీశారు. ఎముకలకు కాగితాలు చదవడం రాదు, అవి ఉన్న వయసే చెప్పాయి. అంతే, పిల్లవాడు దోషి. ‘మాకేం తెలుసు, తల్లి ఇచ్చిన కాగితమే’ అన్నాడు కోచ్, తిన్నింటి వాసాలు లెక్కపెట్టే మనిషి. అతను ఇప్పటికీ అదే మైదానంలో అదే ఈల ఊదుతున్నాడు. అకాడమీ ఫ్లెక్సీ దిగలేదు. దిగింది ఒక్క పిల్లవాడు. కాగితం మీద తగ్గించిన ఆ రెండేళ్లు వాడికి అక్కరలేదు! తన ఈడు పిల్లలతో ఆడించినా ఎడమకాలితో గోలు కొట్టేవాడు. వాడి ఆట సరిపోక కాదు, వీళ్ల కప్పుకు తొందరై వాడి పుట్టినరోజు మార్చేశారు. అమ్మ తుపానులో పొట్టకు కట్టుకుని కాపాడుకున్న రోజును కాగితం మీద లేకుండా చేశారు. ఇప్పుడు పేటలో పిల్లలు వాడిని ‘దొంగ వయసోడు’ అని పిలుస్తున్నారట. మీకు పిల్లలు లేరా? ఒక్కరోజైనా వాడి ఇంటికి వెళ్లి, తప్పు మాది అని ఆ తల్లి ముందు నిలబడి చెప్పడానికి మీలో ఒక్క మగాడూ లేడా? ముప్పై ముగ్గురు తండ్రులు గీత పక్కన నిలబడి గొంతులు చించుకుంటారు, ఈ ఒక్క సంగతికి ఒక్క గొంతూ పెగలలేదు. నా గొంతు కూడా చప్పట్ల దగ్గరే ఆగిపోయింది, అది వేరే సిగ్గు.

ఆ రాత్రి వీడియో మళ్లీ చూశాను. ఒక నిమిషం ఏడో సెకను దగ్గర తెర అంచున ఒక కాలు వస్తుంది. నీలం దారం కనబడుతుంది, బంతి ఆ కాలి నుంచే వస్తుంది. వెంటనే సున్నా దాన్ని కమ్మేస్తుంది. గ్రూపులో రాశాను: ‘అద్భుతంగా ఉందండీ. ఒకటి ఏడు దగ్గర బంతి ఇచ్చిన పిల్లవాడు ఎవరు?’

నాలుగు నిమిషాలకు 301 గారి జవాబు వచ్చింది. ‘ఎవరో గుర్తు లేదండీ. అడ్డంగా కనబడుతున్నాడా? రేపు ఎడిటరుతో చెప్పి తీయించేస్తాను.’

కింద 204 గారు బొటనవేలు గుర్తు పెట్టి, ట్యాంకరు వచ్చిందా అని అడిగారు.