సవరణ: ఎలక్ట్రాన్ వోల్ట్ కొలిచేది శక్తిని

మొన్న ఇంటర్ పిల్లల కోసం రాసిన పోస్టులో ఎలక్ట్రాన్ వోల్ట్‌ను వోల్టేజీ కొలత అన్నాను. అది తప్పు. బ్రాడీపేటలో నా దగ్గర ట్యూషన్‌కి వచ్చే అమ్మాయి పట్టుకుంది, చాలా సంతోషం వేసింది. ఎలక్ట్రాన్ వోల్ట్ శక్తికి కొలత. ఒక ఎలక్ట్రాన్ 1 వోల్ట్ పొటెన్షియల్ తేడాను దాటితే పొందే శక్తి, సుమారు 1.6 × 10⁻¹⁹ జౌల్స్ (జౌల్ అంటే శక్తికి మామూలుగా వాడే కొలత).

ఇంత చిన్న కొలత ఎందుకంటే, పరమాణువు దగ్గర జౌల్ మరీ పెద్దది. హైడ్రోజన్ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి 13.6 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు చాలు. మన గుంటూరు మిర్చి మీది నుంచి కంటికి చేరే ఎర్రటి కాంతిలో ఒక్కో ఫోటాన్‌కు, అంటే కాంతి కణానికి, ఉండేది దాదాపు 2 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. ఊదా రంగుకైతే 3 దాకా.

ఆ పోస్టులోనే ఎర్గ్ (శక్తికి ఇంకో చిన్న కొలత) అంటే 10⁻⁷ జౌల్ అన్నాను, అది సరైనదే. నోట్స్‌లో రాసుకున్నవాళ్లు ఎలక్ట్రాన్ వోల్ట్ గురించిన లైను మాత్రం దిద్దుకోండి.