ఆరో రౌండులో దొంగలు పడ్డారు

డాలస్‌లో ఉండే మా బావమరిది ఏటా ఏప్రిల్ నెలాఖరులో ఒక శనివారం టీవీ ముందు నుంచి కదలడు. అమెరికా ఫుట్‌బాల్ జట్లు కాలేజీ కుర్రాళ్ళను వంతులవారీగా ఏరుకునే ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌కి అది మూడో రోజు. నాలుగు నుంచి ఏడు దాకా రౌండ్లన్నీ ఆ రోజే. పేరున్నవాళ్ళంతా గురు, శుక్రవారాల్లోనే అమ్ముడైపోయి ఉంటారు. అయినా వాడు పావుగంటకోసారి సోఫాలోంచి లేచి, "స్టీల్ బావా, స్టీల్! వీడు ఇంకా మిగిలే ఉన్నాడు చూడు!" అని అరుస్తాడు. టీవీలో సూటు తొడుక్కున్న పండితులదీ అదే పాట. స్టీల్ అంటే గిన్నెలు కాదు, దొంగతనం. మంచి ఆటగాణ్ణి ఆలస్యంగా, చవగ్గా కొట్టేశారని మెచ్చుకోలు.

ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. 2000లో టామ్ బ్రేడీ అనే ఆటగాణ్ణి న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ జట్టు ఆరో రౌండులో, 199వ వాడిగా తీసుకుంది. తర్వాత ఆయన ఏడు సూపర్ బౌల్స్, అంటే ఆ లీగు ఫైనల్స్, గెలిచాడు కనుక అంతటి దొంగతనం మరొకటి లేదట. ఆయనకంటే ముందు అదే జట్టు మరో ఆరుగురిని ఏరుకుంది. గుమ్మంలో బంగారు బిందె ఉంటే ఆరుసార్లు దాన్ని దాటుకుని లోపలికెళ్ళి ఆరు సత్తు గిన్నెలు మోసుకెళ్ళి, ఏడోసారి బిందె పట్టుకుపోయినవాడు ఏం దొంగండీ!

మరి ముందే ఎందుకు తీసుకోలేదయ్యా అంటే, కొలిచారు కదా. డ్రాఫ్ట్‌కి ముందు ఇండియానాపోలిస్‌లో పెళ్ళిచూపులు జరుగుతాయి. ఎత్తు, బరువు, 40 గజాల పరుగు. పాట ఒక్కటే పాడించరు. అన్నిటికన్నా నాకు ముద్దొచ్చేది జాన. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా, గడ్డాలు నెరిసిన పెద్దమనుషులు వంగి, కళ్ళు చికిలించి, అంగుళంలో ఎనిమిదో వంతు దాకా కొలుస్తారు. మా ఊరి పూలమ్మి మూర కొలిచేటప్పుడు కూడా మొహం అంత గంభీరంగా పెట్టదు. 2022లో బంతి విసిరే ఆటగాడు కెనీ పికెట్ జాన ఎనిమిదిన్నర అంగుళాలేనని తేలేసరికి గగ్గోలు పుట్టింది. పాపం ఆ అబ్బాయి అప్పటికే బొటనవేలు సాగడానికి కసరత్తులు చేస్తున్నాడు. బొటనవేలికి! ఆ జాన మీద అన్ని చర్చలు నడిచిన డ్రాఫ్ట్‌లోనే, చిట్టచివర 262వ వాడిగా మిగిలినవాడు బ్రాక్ పర్డీ.

చివరివాడికి 1976 నుంచీ ఒక బిరుదుంది: మిస్టర్ ఇర్రెలెవెంట్. అంటే అక్కర్లేని అయ్యవారు. కాలిఫోర్నియాకి పిలిచి, ఉత్సవం చేసి, బంతి జారవిడుస్తున్న ఆటగాడి బొమ్మని బహుమతిగా ఇస్తారు. తమాషా అట.

పర్డీని తీసుకున్న శాన్ ఫ్రాన్సిస్కో జట్టు అంతకు ముందు ఏడాది, 2021లో, అదే బంతి విసిరే పనికి ట్రే లాన్స్ అనే కుర్రాడి కోసం మూడు మొదటి రౌండు వంతులు ధారపోసింది. చివరికి జట్టుని సూపర్ బౌల్‌కి తీసుకెళ్ళింది అక్కర్లేని అయ్యవారు పర్డీయే. 2023 సీజన్‌లో ఆయన మూల జీతం 8,70,000 డాలర్లు. లాన్స్ నాలుగేళ్ళ ఒప్పందం 3.4 కోట్ల డాలర్ల పైమాటే. ఎంత బాగా ఆడినా, డ్రాఫ్ట్‌లో వచ్చినవాడి ఒప్పందాన్ని మూడు సీజన్లు పూర్తయ్యేదాకా తిరగరాయకూడదని రూలు. ఈలోపే, 2023 జనవరిలో, పర్డీ మోచేతి లిగమెంటు తెగింది. అతికింది కాబట్టి 2025లో 26.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేతికొచ్చింది. అతక్కపోతే? అతకని వాళ్ళ సంగతేంటి? వాళ్ళ పేర్లు ఏ పండితుడికైనా గుర్తున్నాయా? వంకాయలో పుచ్చుందని వంక పెట్టి, బేరమాడి, సగం ధరకి కొని, ఇంటికెళ్ళి గుత్తివంకాయ తిని, "భలే కొట్టేశాం" అని తేన్చే మొహాలు! దొంగతనమేనయ్యా, మీ నోటితో మీరే ఒప్పుకుంటున్నారు. దోచుకుంది పక్క జట్టుని కాదు, ఆ కుర్రాణ్ణి.

ఇదంతా విని మా బావమరిది టీవీ సౌండ్ తగ్గించాడు. కాసేపు ఆలోచించి, కుడిచెయ్యి చాచి, సోఫా చేతి మీద పెట్టి టేపుతో కొలుచుకున్నాడు.

"ఏడున్నర. ఏడో రౌండుకైనా వస్తానంటావా బావా?"