ప్రొపెల్లర్ గారికి, మీ ఒంటి మీద నిలవని రంగు గురించి

మహారాజశ్రీ ప్రొపెల్లర్ గారి దివ్య సముఖమునకు,

విశాఖ ఫిషింగ్ హార్బరులో, ఒడ్డెక్కించిన బోటు వెనక, మీ మూడు రెక్కల కింద వెల్లకిలా పడుకుని ఉన్న ఓనరు వ్రాసుకొను విన్నపం. ఉభయకుశలోపరి. నా కుశలం ఎలా ఉన్నా, నా కళ్లలో పడ్డ మీ పచ్చటి చిలుం పొడి మాత్రం క్షేమంగానే ఉంది.

ఇవాళ జూన్ 12. ఎల్లుండితో వేట నిషేధం సరి. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు చేతిలో పెట్టుకుని ఆఖరి రోజుల్లో ఈ పనేమిటని అడగరని నా నమ్మకం. బోట్లని ఒడ్డెక్కించే స్లిప్‌వే మీద మన వంతు ఎప్పుడొచ్చిందో మీకు తెలుసు. "రేపు బేగి వచ్చెస్తాను ఓనరుగారూ" అన్న పెయింటరు ఎన్ని రేపులు మింగాడో కూడా తెలుసు. ఈలోగా మీరు హార్బరు నీళ్లలో కదలకుండా నిలబడి ఇంటినిండా చుట్టాల్ని పిలుచుకున్నారు. తిరిగే రెక్కని గుల్లలు, అదే బార్నకిల్స్, అంత తేలిగ్గా పట్టుకోలేవు. ఆగిన రెక్క వాటికి అద్దె లేని ఇల్లు. చేపలు గుడ్లు పెట్టుకుంటాయని మేం సముద్రానికి రెండు నెలలు సెలవిస్తే, మధ్యలో ఇవి కాపురం పెట్టాయి.

నిజానికి గుల్లల మీద నాకు పెద్ద కోపం లేదు. చిన్నప్పుడు ఈదుకుంటూ వచ్చి, తలకి జిగురు పూసుకుని అతుక్కుపోయి, జన్మంతా తలకిందులుగా ఉండి కాళ్లతో తిండి నోట్లోకి తోసుకునే ప్రాణి మీద ఏం కోపగించుకుంటాం? డార్విన్ గారు 1846 నుంచి 1854 దాకా వీటి ముందే కూర్చున్నారట. నాకు మూడో రోజుకే నడుం పట్టేసింది.

చెక్క గరిటె అంచుతో తోస్తే పైగుల్ల టప్పున ఊడొస్తుంది. ఆ చప్పుడు వింటే ప్రాణం లేచొస్తుంది. తీరా చూస్తే దాని కింద తెల్లటి బిళ్ల. పావలా కన్నా చిన్నది, నడిమి నుంచి అంచు దాకా సన్నటి గీతలు, ఎవరో తీరిగ్గా ముగ్గేసినట్టు. అది రాదు. ఇనుప గీకుడుతో గీకితే మీ ఒంటి మీద గాట్లు. రెండో రెక్క వెనకవైపు అరచెయ్యంత మేర లెక్కపెట్టాను, నలభై మూడు. అమ్మకి ఫోన్ చేసి మొరపెట్టుకుంటే "ఇత్తడే కదరా, చింతపండు పెట్టి తోమీ" అంది. నవ్వాను. తర్వాత ఆలోచిస్తే ఆవిడ మాటే రైటు. బిళ్ల సున్నం, చింతపండు పులుపు. పైగా మీరు ఇత్తడే కదా! కొట్లో మాంగనీసు బ్రాంజ్ అని చెప్పి కంచు రేటు కట్టించుకున్నారు గానీ, మీ ఒంట్లో సగం పైగా రాగి, మిగిలినదాంట్లో చాలా మటుకు జింకు. అంటే మా ఇంట్లో నీళ్ల బిందెకి మీరు తోబుట్టువే. కాకపోతే ముప్పై ఆరు అంగుళాల బిందె. దానికి సరిపడా చింతపండు కొనడం కన్నా కొత్త బోటు కొనడం నయమని వెనిగర్‌తో తుడిచి, మంచినీళ్లతో కడిగాను.

ఇక అసలు సంగతి. రంగు.

నిరుడు మీకేం తక్కువ చేశానండీ? ఎనభై నంబరు ఎమరీ పేపరుతో వేలిముద్రలు అరిగేదాకా రుద్దాను. థిన్నరుతో రెండుసార్లు తుడిచాను. ప్రైమరు, దాని మీద గుల్లలు పట్టనివ్వని రంగు రెండు పూతలు. మా వీధిలో సగం మంది బోటోళ్లు ప్రొపెల్లర్‌కి అసలు రంగే వెయ్యరు, గీకి వదిలేస్తారు. వాళ్ల మాట విననందుకు ఈ ఏడు బోటు ఒడ్డెక్కగానే మీరు నాకు చేసిన సన్మానం: రెక్కల కొసల మీద రంగు లేదు, నీటిని కోసే అంచుల మీద లేదు, నడిమి బొడ్డు మీద మాత్రం నిన్న వేసినట్టు నిగనిగలాడుతోంది. కొస జోరుగా తిరుగుతుంది, నీటి బుడగలు పేలి పేలి రంగుని ఊడ్చేస్తాయి అని మెకానిక్కు పాఠం చెప్పాడు. అర్థమైంది. ఒప్పుకున్నాను.

మరి అదే రంగు నా గళ్ల లుంగీ మీద ఏడాదిగా ఎలా ఉంది? బండ మీద ఉతికాం, కిరసనాయిలుతో ఉతికాం. ఉంది. గట్టు సిమెంటు మీద ఉంది, రెండు తుపాను వానలు చూసి కూడా ఉంది. స్కూటర్ సీటు మీద ఉంది. హార్బరులో తిరిగే గోధుమరంగు కుక్క ఎడమ చెవి కొస మీద మొన్నటిదాకా ఉంది. లుంగీకి నేను ఎమరీ పేపరు కొట్టలేదే! కుక్కని థిన్నరుతో తుడవలేదే! ఆ సీటుకి ప్రైమరు ఎవడేశాడు?

ఇంకోటుంది. మీ పక్కనే బిగించిన జింకు ముక్క. ఉప్పునీళ్లలో మీ బదులు కరిగిపోవడం దాని ఉద్యోగం. పెయింటరు మహానుభావుడు నిరుడు దానికీ ఒక కోటు లాగించాడు. విప్పి చూస్తే కొత్తదానిలా ఉంది. "గట్టి మాలు!" అని మా డ్రైవరు మురిసిపోయాడు, నేనూ మురిశాను, సిగ్గులేకుండా. అది కరగలేదు కాబట్టి మీరు కరిగారు. అంచులు గులాబీ రంగుకి తిరిగాయి. ఒంట్లో జింకు పోయి రాగి మిగిలితే వచ్చే రంగు అది. రంగు నిలబడకూడని ఒకే ఒక్క చోటుంటే, అక్కడ చెక్కుచెదరకుండా నిలబడింది. నీ రెక్క మీద నిలబడ్డానికేం రోగం? నువ్వు నన్ను వేళాకోళం చేస్తున్నావు, ఒప్పుకో. ఏడాదికోసారి నీ కింద పడుకుని ముక్కులోకి పొడి పీల్చుకునే వెర్రివాడు దొరికాడని నీకు లోకువ.

క్షమించాలి. ఇవాళ మధ్యాహ్నం జరిగింది తలుచుకుంటే "మీరు" అన్న మాట నోటికి రావడం లేదు.

డబ్బా మీద చీమ అక్షరాల్లో రాసుంది, గాలిలో తేమ 85 శాతం దాటితే వెయ్యరాదని. జూన్‌లో, విశాఖలో! సరే, ఎండ పట్టిన గంట చూసుకున్నాను. మూడు రెక్కలూ రుద్ది, తుడిచి, నా చెమట పడకుండా తలకి తువ్వాలు కట్టుకుని, జింకుకి టేపు చుట్టాను. టేపు చాల్లేదు. కొట్టుకెళ్లొచ్చేసరికి మా మావ మూడో రెక్క పక్కన కూర్చుని ఉన్నాడు. ఒళ్లో మిరపకాయ బజ్జీల పొట్లం. అరచెయ్యి రెక్క మీద. పై నుంచి కిందికి ప్రేమగా నిమురుతున్నాడు.

"అద్దంలాగుందిరా అల్లుడా."

నేను అరిచాను. "నానేటి దాన్ని ఇరగ్గొట్టీసేనా?" అని చిన్నబుచ్చుకున్నాడు. మళ్లీ థిన్నరు, మళ్లీ ఎమరీ, మళ్లీ గుడ్డ. ఎండ దిగిపోయింది, గాలి జిగటగా తిరిగింది. ఒక పూట పోయింది.

చీకటి పడబోతుంటే ఒక్కో రెక్కనీ చిన్న సుత్తితో కొట్టి చూశాను. లోపల దెబ్బతింటే టప్పుమంటుంది. మొదటిది మోగింది. రెండోది మోగింది. గులాబీ అంచు ఎక్కువున్న మూడోదాని దగ్గర చెయ్యి ఆగింది, దేవుడా అనుకుని కొట్టాను. గుళ్లో గంటలా మోగి, ఆ మోత బోటు అడుగు దాకా పాకింది. మావ కూడా బజ్జీ నమలడం ఆపాడు. ఇంత మర్యాదగా జవాబిచ్చే మీరు రంగుని ఎందుకు పట్టుకోరో, నాకు... పోనీలెండి. పొద్దున ఎండెక్కగానే ప్రైమరు వేస్తాను.

ఇట్లు,
మీ బొడ్డు అందం చూసి ఏడ్చుకునే ఓనరు

తా.క.: ప్రైమరు అయింది. మూడో రెక్క మీద దాని కింద మావ బొటనవేలు గుర్తు లీలగా కనిపిస్తోంది. వచ్చే ఏడు రంగు అక్కడొక్కచోటే మిగిలితే, దయచేసి ఆయనకి చూపించకండి.