ఊపిరి చప్పుడు వినిపించే పాట

పాట రికార్డు చేశాక గాయకుడు ఊపిరి పీల్చుకునే చప్పుడును మామూలుగా బాగా తగ్గించేస్తారు, లేదంటే పూర్తిగా తీసేస్తారు. ఈమధ్య మా అబ్బాయి వినిపించిన ఒక కుర్ర ర్యాపర్ (బీట్ మీద మాటల్ని లయగా పలికే గాయకుడు) పాటలో దాన్ని అలాగే ఉంచేశారు. మొదటి వర్స్ (చరణం) నిండా ఆశే. పెద్ద స్టేజీ ఎక్కాలి, పేరు తెచ్చుకోవాలి, అమ్మ ఇక పనికి వెళ్లక్కర్లేకుండా చూసుకోవాలి. రెండో వర్స్‌లో అదే బీట్ మీద, అదే వేగంతో నిద్రపట్టని రాత్రి గురించి చెబుతాడు. గుండె దడ, చేతులకు చెమట, పాట బయటికి రాకముందే జనం నవ్వుతారేమోనన్న టెన్షన్. పాదానికీ పాదానికీ మధ్య ఊపిరి ఎగపీల్చిన చప్పుడు స్పష్టంగా తెలుస్తుంది.

"ఇంత భయపడేవాడికి అన్ని గొప్పలెందుకు?" అన్నాను. అనకుండా ఉండాల్సింది. ర్యాప్‌లో గొప్పలు చెప్పుకోవడం మొదటినుంచీ ఉన్నదే. 1973 ఆగస్టులో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో, ఒక అపార్ట్‌మెంట్ భవనంలో డీజే కూల్ హెర్క్ పాటలు వేసిన పార్టీతో, ర్యాప్ కూడా భాగమైన హిప్‌హాప్ పుట్టిందంటారు. ఎవరూ పట్టించుకోని పేటల పిల్లలు చేతికి మైకు దొరికితే ముందుగా చెప్పేది 'నేనూ ఉన్నాను' అనే కదా. అలా చెప్పినవాడికి రాత్రి నిద్రపట్టకపోవడంలో వింతేముంది?

మిగతా పాటల్లో ఒకరు రాస్తే ఇంకొకరు పాడతారు, దాన్నెవరూ తప్పుపట్టరు. ర్యాపర్ మాత్రం వేరేవాళ్లతో రాయించుకున్నాడని తెలిస్తే పరువు పోతుంది. అందుకే వినేవాళ్లు ప్రతి పాదాన్నీ అతని జీవితంతో సరిచూసుకుంటారు.

నాకు బాధ కలిగేది ఇక్కడే. తన ఆందోళన గురించి దాచకుండా చెప్పి పేరు తెచ్చుకున్నవాడు, తర్వాతి పాటలో కాస్త సంతోషంగా కనిపిస్తే చాలు, 'మారిపోయాడు' అనేస్తారు. గాయం మానకూడదని కోరుకోవడమే కదా అది! నిజాయితీ నిరూపించుకోవడానికి ఒక కుర్రాడు జీవితాంతం నిద్ర లేకుండా గడపాలా? ఇరవై ఏళ్లప్పుడు భయపడ్డాడు, ఆ రోజుకు అది నిజం. ఆరేళ్ల తర్వాత కౌన్సెలింగ్ తీసుకుని హాయిగా నిద్రపోతే అదీ అంతే నిజం. ఆ నిద్ర గురించి కూడా అతన్ని రాయనివ్వాలి.

కోలుకోవడం గురించి రాస్తే పాట బలం తగ్గుతుందనేవాళ్లు ఒక సంగతి చూడాలి. అమెరికన్ ర్యాపర్ లాజిక్ 2017లో ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ నంబరునే పేరుగా పెట్టి ఒక పాట చేశాడు. చనిపోవాలనుకున్న మనిషి హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, చివరికి బతకాలనుకోవడమే అందులోని కథ. ఆ పాట గురించి జనం బాగా మాట్లాడుకున్న 34 రోజుల్లో హెల్ప్‌లైన్‌కి అంచనాకన్నా 9,915 కాల్స్ ఎక్కువగా వచ్చాయని 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పరిశోధన లెక్క తేల్చింది. బాధ దగ్గరే ఆగిపోయి ఉంటే ఆ పాట విని అంతమంది ఫోన్ అందుకునేవాళ్లని నేననుకోను.

ఆ కుర్ర ర్యాపర్ పాట మళ్లీ పెట్టమని మా అబ్బాయిని నేనే అడిగాను. ఈసారి మధ్యలో మాట్లాడలేదు. ఆ కుర్రాడి కొత్త పాట ఎప్పుడొస్తుందా అని ఇప్పుడు ఇద్దరం చూస్తున్నాం. అందులో ఊపిరి ఎగపీల్చిన చప్పుడు వినిపించకపోతే, నిజంగా అతనికి కాస్త ఊపిరాడుతోందనే అనుకుంటాను. నాకు సంతోషమే.