వేసవికి తిరుపతి వెళ్తే పులి-మేక ఆడండి

సెలవుల్లో పిల్లల్ని తిరుపతి తీసుకెళ్ళే మన సంఘం వాళ్ళందరిదీ ఇంచుమించు ఒకటే తిరుగుడు. కొండ మీద దర్శనం, తిరుచానూరు, ఒకరోజు కాణిపాకం, ఇంకోరోజు శ్రీకాళహస్తి. మిగతా రోజుల్లో మిట్టమధ్యాహ్నం గడప దాటలేం, ఎండ అలాంటిది. ఆ నాలుగైదు గంటలూ తాత టీవీ ముందు, మనవడు ఫోన్‌లో. అంత దూరం వెళ్ళింది ఇందుకేనా అని నాకు బాధేస్తుంది. ఆ మధ్యాహ్నాల్లో ఇద్దరినీ పులి-మేక ఆట దగ్గర కూర్చోబెట్టండి.

గీతలకు సుద్దముక్క, పులులుగా మూడు గులకరాళ్ళు, మేకలుగా పదిహేను చింతగింజలు చాలు. పై కొన నుంచి కిందికి నాలుగు గీతలు, అడ్డంగా మూడు, ఆ మూడింటి కొనలు కలుపుతూ రెండు పక్కలా నిలువు గీతలు, అడుగున ఆ నాలుగు గీతల కొనలు కలుపుతూ ఒకటి. గీతలు కలిసే చోట్లు మొత్తం 23. దక్షిణాదిలో చాలా పాత గుళ్ళ మండపాల్లో ఇలాంటి గీతలు బండల మీద చెక్కి కనిపిస్తాయి. దర్శనానికి వెళ్ళినప్పుడు పిల్లల చేత వెతికించండి.

వైకుంఠపాళి నాకూ ఇష్టమే, కానీ అందులో పిల్లాడు ఆలోచించేది ఏమీ లేదు, పందెం ఎంత పడితే అంత. పులి-మేకలో అదృష్టానికి చోటు లేదు. పైగా రెండు పక్షాలూ సమానం కావు. అందుకే ఎనిమిదేళ్ళ పిల్లా, డెబ్బై ఏళ్ళ అవ్వా ఎదురెదురుగా కూర్చోగలరు. పిల్లకు పులులు ఇవ్వండి, మేక మీదుగా అవతలి ఖాళీలోకి దూకి దాన్ని తినడం త్వరగా వస్తుంది. మేకలు అవ్వకు. మేకలు ఒక్కొక్కటిగా దిగుతాయి, పదిహేనూ దిగేదాకా ఒక్కటీ కదలకూడదు. పులులు మాత్రం ఈలోపే తిరుగుతుంటాయి. వరసగా రెండు మేకలుంటే పులి దూకలేదు. ఆట తెలిసిన అవ్వ కావాలనే ఒక మేకను ఒంటరిగా వదులుతుంది. పిల్ల సంబరంగా దూకి అంచుకు చేరుతుంది. వెనకదారిలో అవ్వ ఇంకో చింతగింజ పెడుతుంది, దాని వెనక మరొకటి. పులికి ఇక కదలిక లేదు. మూడు పులులూ అలా ఇరుక్కుంటే మేకలదే గెలుపు.

ఇక్కడ చాలా ఇళ్ళలో 1995లో జర్మనీలో వచ్చిన కటాన్ అనే బోర్డు గేమ్ ఉంది. మంచి ఆటే. కానీ దాని నియమాలు అవ్వకు మనం చెప్పాలి. ఇక్కడ నేర్పేది అవ్వ, అదే నాకు ముఖ్యం. ఎన్ని మేకలు పోతే ఓడినట్టో ఊరికో లెక్క ఉంటుంది, అవ్వ చెప్పిన లెక్కే ఖాయం చేయండి.

తిరిగొచ్చాక మన సంక్రాంతి సంబరాల్లో హాలులో ఒక మూల నాలుగు చాపలు వేయమని సంఘం కార్యవర్గానికి నా మనవి. ఊళ్ళో నేర్చుకున్న పిల్లలే మిగతావాళ్ళకు నేర్పుతారు. పోటీ, బహుమతి మాత్రం వద్దు. అవి పెడితే చాపల మీద పెద్దవాళ్ళే మిగులుతారు.